టెక్ సందేహాలు: తంబూరను తినేసే సాఫ్ట్‌వేర్, అరమెట్టు పెరిగిన శ్రుతి

పాత కచేరీ రికార్డింగులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, తోటి రసికులతో పంచుకోవడం గురించే ఈసారి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మా నాన్నగారు 1980ల్లో సభల్లో రికార్డు చేసుకున్న సీ-90 క్యాసెట్లు 40 ఉన్నాయి. డెక్ నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు కలిపి రికార్డు చేస్తే స్టీరియో రావడం లేదు, మృదంగం వచ్చినచోటల్లా బరబరమంటోంది. ఏం కొనాలి? (రాజమహేంద్రవరం)

ల్యాప్‌టాప్‌కు ఉన్న ఆ ఒక్క సాకెట్ హెడ్‌సెట్ కోసం పెట్టినది. లోపలికి వెళ్లే దారి మైకుది. అది మోనో, పైగా మైకు సిగ్నల్ చాలా చిన్నదనుకుని దాన్ని బాగా పెంచేస్తుంది. డెక్ నుంచి వచ్చేది అప్పటికే పెద్ద సిగ్నల్ కాబట్టి మృదంగం దెబ్బ పడగానే పరిమితి దాటి సిగ్నల్ తల తెగిపోతుంది, ఆ బరబర అదే. ‘లైన్ ఇన్’ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. 24 బిట్‌లో రికార్డు చేయగల చిన్నది చాలు. డెక్ వెనక లైన్ ఔట్ అని ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్ల నుంచి దీనికి కలపండి. హెడ్‌ఫోన్ సాకెట్‌ను వాడకండి.

ఆడాసిటీలో (ధ్వనిని రికార్డు చేసి దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) 44,100 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో పెట్టండి. 96,000కు వెళ్లి ప్రయోజనం లేదు, క్యాసెట్‌లో అంత పైస్థాయి ధ్వని ఉండదు. లెవెల్‌ను ఆలాపన చూసి పెట్టవద్దు. టేపును ముందుకు తిప్పి తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) దగ్గర ఆపి, తీర్మానాల్లో (దాని ముగింపు జతుల్లో) కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా సరిచేసి, అప్పుడు మొదటికి రండి.

డెక్ మీద డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) బటన్ ఉంటే ఆఫ్‌లో ఉంచండి. డాల్బీతో రికార్డు చేయని టేపుకు దాన్ని వేస్తే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. ఆఫ్‌లో ఉన్నా మందంగానే వినిపిస్తే అది ఎజిమత్ తేడా, అంటే రికార్డు చేసిన యంత్రం హెడ్డు, మీ హెడ్డు ఒకే నిలువులో లేవన్నమాట. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. ముందు దాని స్థానాన్ని ఫొటో తీసుకుని, టేపు నడుస్తుండగా మోనోలో వింటూ పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. ‘స’, ‘శ’ అక్షరాలు, తంబూర జీవాళి (తీగల ఝుమ్మనే నాదం) ఎక్కడ బాగా తేటపడితే అక్కడ ఆపండి. వేరే యంత్రంలో రికార్డయిన క్యాసెట్ వస్తే మళ్లీ చూసుకోవాలి.

40 క్యాసెట్లంటే 60 గంటల పని. తొందరపెట్టే మార్గం లేదు. 24 బిట్ వేవ్ ఫైలుగా ఒక్కో వైపు సుమారు 715 ఎంబీ, మొత్తం 57 జీబీ అవుతుంది. నాణ్యత ఏమీ పోకుండా ఇంతకంటే తక్కువ చోటు కావాలంటే ఫ్లాక్‌లో దాచండి. దిద్దుబాట్లన్నీ దీని నకలు మీదే చేయాలి. మూలాన్ని ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఒకటి శ్రుతిలో పాడే విద్వాంసుడు మా క్యాసెట్‌లో ఒకటిన్నరకు వినిపిస్తున్నారు. ఆడాసిటీలో ‘ఛేంజ్ పిచ్’తో దించితే గొంతు కృత్రిమంగా ఉంది. (విశాఖపట్నం)

వాడాల్సింది ‘ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్’. టేపు వేగం తప్పినప్పుడు శ్రుతి, కాలప్రమాణం రెండూ కలిసే పెరుగుతాయి. మీరు శ్రుతిని మాత్రమే దించారు. గమకాలు, తాళం పరుగు అలాగే ఉండిపోయాయి, సాఫ్ట్‌వేర్ కాలాన్ని సాగదీసిన మరకలు అదనం. అరమెట్టు, అంటే ఒకటిన్నర నుంచి ఒకటికి, దించాలంటే శాతం గడిలో మైనస్ 5.613 అని వేయండి. 45 నిమిషాల ఫైలు దాదాపు 47 నిమిషాల 40 సెకన్లు అవుతుంది.

అయితే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. సీడీగానూ దొరికే ఏదైనా కంపెనీ క్యాసెట్‌ను మీ డెక్‌లో పెట్టి ఒక కృతి నిడివి చూడండి. సీడీలో 10 నిమిషాలున్నది ఇక్కడ 9 నిమిషాల 26 సెకన్లకే ముగిస్తే మీ డెక్కే అరమెట్టు వేగంగా తిరుగుతోంది. చాలా డెక్కుల్లో మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం సరిచేసే స్క్రూ ఉంటుంది, మెకానిక్ సరిచేస్తాడు. నిడివి సరిపోతే తప్పు ఆనాటి రికార్డింగుది. బ్యాటరీలు నీరసించిన టేప్ రికార్డర్‌లో టేపు నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో నడిపితే శ్రుతి పైకి లేస్తుంది. ఇది నమ్మదగిన గుర్తు: కచేరీ మొదట్లో సరిగ్గా ఉండి, మంగళం దగ్గరకు వచ్చేసరికి ఇంకా పైకి పోతుంది. అలాంటప్పుడు ఫైలంతటికీ ఒకే శాతం వేస్తే కుదరదు. కృతికొకటిగా ముక్కలు చేసి, ఒక్కోదాన్ని విడిగా దించండి.

ఇంకో ఆధారం కరెంటు హమ్. సభలోని మైకు సెట్టు నుంచి 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం చాలా టేపుల్లో సన్నగా ఉంటుంది. మాట, పాట లేని ఒక నిమిషాన్ని ఎంచుకుని ‘ప్లాట్ స్పెక్ట్రమ్’లో సైజు 65536 పెట్టి చూడండి. 53 దగ్గర శిఖరం కనిపిస్తే టేపు ఆరు శాతం పైకి ఉన్నట్టు. 50 దగ్గర కూడా ఒకటి కనిపిస్తే అది ఇప్పటి మీ వైర్లది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ రోజుల్లో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు. ఒక హెర్ట్జ్ పడిపోయినా రెండు శాతం తేడా, అంటే అరమెట్టులో మూడోవంతు. కాబట్టి చివరి మాట చెవిదే: అదే విద్వాంసుడి అదే కాలపు సీడీతో ఆధార షడ్జమం పోల్చండి.

ప్రశ్న: ‘నాయిస్ రిడక్షన్’ చేశాక బుస్సుమనే శబ్దం పోయింది. కానీ పాట నీళ్లలోంచి వస్తున్నట్టుంది, తంబూర అసలు లేదు. (హైదరాబాద్)

నమూనా ఎక్కడ తీసుకున్నారు? రెండు కృతుల మధ్య నిశ్శబ్దంలో అయ్యుంటుంది. మనకది నిశ్శబ్దం, కానీ తంబూర అక్కడ మోగుతూనే ఉంది. ఇది వద్దని మీరే చూపించారు, అది కచేరీ పొడవునా పీకి పారేసింది. మొదటి శ్రుతి మొదలుకాకముందు ఉట్టి టేపు నడిచిన రెండు మూడు సెకన్లు తీసుకోండి. అది దొరకకపోతే ఈ పని అసలు చేయకపోవడమే మేలు. తగ్గింపు 6 డెసిబెల్‌కు మించవద్దు. ‘రెసిడ్యూ’ నొక్కితే తీసేస్తున్నదేమిటో వినిపిస్తుంది. అందులో బుస తప్ప తంబూర గానీ, వయొలిన్ కొన గానీ వినబడితే అంకెలు ఇంకా తగ్గించండి. బుస ఉన్న పాటకు చెవి రెండు నిమిషాల్లో అలవాటు పడుతుంది, శ్రుతి పోయిన పాటకు పడదు.

ప్రశ్న: వాట్సాప్ బృందంలో పంపితే కొన్ని వెళ్లవు. ‘18వ నిమిషంలో ఆ సంగతి వినండి’ అని రాస్తే అక్కడ లేదంటున్నారు. (డాలస్)

ఆడియోగా పంపితే పరిమితి 16 ఎంబీ. క్లిప్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపండి. 2 జీబీ వరకు, ఉన్న ఫైలు ఉన్నట్టే వెళ్తుంది. స్పీకరు ముందు ఫోను పెట్టి వాయిస్ మెసేజ్ పంపేవాళ్లున్నారు. అది మాటల కోసం గట్టిగా కుదించే పద్ధతి, సంగీతానికి పనికిరాదు. 192 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి దాదాపు 1.4 ఎంబీ, వినడానికి చాలు.

సమయాలు కుదరకపోవడానికి కారణం, ఒకరి దగ్గర వేగం దిద్దిన ఫైలు, మరొకరి దగ్గర దిద్దనిది ఉండటం. అరమెట్టు దించితే 20వ నిమిషం 21 నిమిషాల 11 సెకన్లకు జరుగుతుంది. ఫైలు పేరులోనే ‘మూలం’ అనో, ‘శ్రుతి దిద్దినది’ అనో ఉంచండి. ఆడాసిటీలో వింటూ కంట్రోల్, ఎం నొక్కితే ఆ క్షణానికి లేబుల్ పడుతుంది. నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం) మొదలు, రాగమాలిక మలుపు అని రాసుకుంటూ పోయి, లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసి పాటతో పాటు పంపండి. వేగంగా వెళ్లే బిర్కాలను (స్వరాల పరుగులను) విడదీసి వినాలంటే వీఎల్‌సీలో వేగం 0.75కు తగ్గించండి, శ్రుతి మారదు.

ప్రశ్న: జూమ్‌లో అందరం కలిసి కచేరీ వింటున్నాం. వినేవాళ్లకు తెరలు తెరలుగా ఆగిపోతోంది. (మెల్‌బోర్న్)

స్పీకరులో పెట్టి మైకుకు వినిపిస్తున్నట్టున్నారు. ఒకే స్థాయిలో ఆగకుండా వచ్చే తంబూరను జూమ్ ఫ్యాన్ చప్పుడు కింద జమకట్టి అణిచేస్తుంది, దాంతోపాటు కార్వై (ఒకే స్వరాన్ని నిలిపి పాడటం) కూడా పోతుంది. ‘షేర్ స్క్రీన్’లో ‘షేర్ సౌండ్’ టిక్ పెట్టి, పక్కనున్న బాణంలో స్టీరియో ఎంచుకోండి. అప్పుడు ధ్వని మైకు దారిన పోదు. ఎవరైనా పాడి చూపించాలనుకుంటే వాళ్లు ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేసి హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి. ఇద్దరూ కలిసి పాడటం మాత్రం కుదరదు, ఆలస్యం వల్ల తాళం నిలవదు.

ప్రశ్న: పాట ఫైలులో రాగం, తాళం వివరాలను తెలుగులో ట్యాగ్ చేస్తే కారులో డబ్బాలు, పాత ప్లేయర్‌లో ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. (గుంటూరు)

డబ్బాలు కనిపిస్తే కారు స్టీరియోలో తెలుగు ఫాంటు లేదు, మీ ఫైలు మంచిదే. ప్రశ్నార్థకాలైతే ఆ ప్లేయర్ పాత ఐడీ3వీ1 ట్యాగును చదువుతోంది. దానిలో తెలుగు నిలవదు, గడికి 30 అక్షరాలే. ఎంపీ3ట్యాగ్ (ట్యాగులు దిద్దే సాఫ్ట్‌వేర్) ఆప్షన్లలో ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. ఫ్లాక్‌లో ఈ బాధ లేదు, పైగా రాగం, తాళం, వయొలిన్, మృదంగం అని సొంత గడులు పెట్టుకోవచ్చు. వాగ్గేయకారుణ్ని ‘కంపోజర్’ గడిలో, గాయకుణ్ని ‘ఆర్టిస్ట్’ గడిలో వేయండి. ఇవి తారుమారైతే మీ సేకరణ సగం త్యాగరాజస్వామే పాడినట్టు కనబడుతుంది! కల్యాణి, కళ్యాణి రెండూ రాస్తే వెతుకులాటలో రెండు రాగాలవుతాయి. ఏదో ఒకటే పెట్టుకోండి.

ప్రశ్న: ఈ పాత కచేరీ రికార్డింగులను యూట్యూబ్‌లో పెట్టవచ్చా? (వరంగల్)

త్యాగరాజ కృతి మీద హక్కు ఎవరికీ లేదు. రికార్డింగు మీద వేరేగా ఉంటుంది. మన చట్టం ప్రకారం కంపెనీ రికార్డుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1962లో వచ్చినదానికి 2022 చివరితో తీరింది. సభలో పాడిన పాట మీద కళాకారుడి హక్కు 50 ఏళ్లు. ఆకాశవాణి ప్రసారానికి 25 ఏళ్లే అయినా, అందులోనూ కళాకారుడి హక్కు విడిగా నడుస్తుంది. రచన ఇటీవలిదైతే అదీ చూడాలి. 2016లో కన్నుమూసిన బాలమురళీకృష్ణ సొంత కృతులకు 2076 చివరి దాకా హక్కుంది. మీ నాన్నగారి తరం 1980ల టేపులైతే కళాకారుడి కుటుంబాన్ని అడిగి పెట్టండి. వాళ్ల దగ్గర ఆ కచేరీ లేకపోతే ఫ్లాక్ నకలు ఒకటి వాళ్లకూ ఇవ్వండి.