అభిమాన హీరో బొమ్మ చేసి అమ్మవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. నాన్నగారు వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేసేవారు. నేను రెండేళ్లుగా ఇంట్లోనే త్రీడీ ప్రింటర్ పెట్టుకుని, రెజిన్‌తో అడుగు ఎత్తు బొమ్మలు తయారుచేసి, చేత్తో రంగులు వేసి, ఆర్డరు మీద పంపుతున్నాను. ఎక్కువ మంది అడిగేవి సినిమా హీరోల బొమ్మలు, ఆ తర్వాత క్రికెటర్లవి. ‘అభిమాని తయారీ, అధికారికం కాదు’ అని ప్రతి పెట్టె మీదా రాస్తాను. ఈ మధ్య నేను అమ్మే ఆన్‌లైన్ వేదిక నా మూడు బొమ్మలను తీసివేసి, ఆ నటుల అనుమతి లేదని కారణం చెప్పింది. ఎవరో కోరి అడిగితే ఒక్కటే చేసి ఇవ్వడం కూడా తప్పేనా? చనిపోయిన ప్రముఖుల బొమ్మలైతే చేయవచ్చా?

జవాబు: మీ చేతిపనిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయినా అసలు మాట ముందే చెప్పడం మంచిది. బతికున్న ఒక ప్రముఖుడి ముఖాన్ని చూసే కొనుగోలుదారు డబ్బు ఇస్తున్నప్పుడు, ఆ ప్రముఖుడి అనుమతి లేకుండా ఆ బొమ్మను అమ్మడానికి మన న్యాయస్థానాల తీర్పులు అనుకూలంగా లేవు. అది ఒక్కటే అయినా, వంద అయినా ఇదే మాట.

తన పేరు, రూపం మీద వ్యక్తికి ఉండే ఈ హక్కు కోసం ప్రత్యేకంగా చేసిన చట్టమేదీ మన దేశంలో లేదు. అందుకే చాలామంది దీన్ని నిషేధం లేని పనిగా భావిస్తారు. అయితే ఒక వ్యక్తి పేరును గాని, రూపాన్ని గాని అతని సమ్మతి లేకుండా వాడుకోవడం గోప్యత హక్కుకు భంగమేనని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పులోనూ తన గుర్తింపును ఇతరులు వ్యాపారానికి వాడుకోకుండా అదుపు చేసుకునే అధికారం గురించి చర్చ ఉంది. మీ పనికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మాత్రం 2010లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. గాయకుడు దలేర్ మెహందీని పోలిన బొమ్మలను, ఆయన పాటలోని ముక్కలు పాడేలా తయారుచేసి, బహుమతుల దుకాణాల్లో అమ్మారు. ఆయన హక్కులున్న సంస్థ దావా వేయగా, న్యాయస్థానం ఆ అమ్మకాన్ని నిషేధించి, లక్ష రూపాయల నష్టపరిహారం ఇప్పించింది. తర్వాతి సంవత్సరాల్లో అమితాబ్ బచ్చన్, అనిల్ కపూర్ తమ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వులు పొందారు. 2025లో అక్కినేని నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఇలాంటి రక్షణే పొందారు. మన హీరోల వరకు రాదులే అని అనుకునే రోజులు పోయాయి.

పెట్టె మీద మీరు రాసే మాట నిజాయతీతో రాసినదేనని నమ్ముతున్నాను. ఇది నటుడి సంస్థ విడుదల చేసిన బొమ్మ కాదని కొనేవారికి తెలుస్తుంది కాబట్టి, మోసం చేశారన్న ఆరోపణకు అది కొంత జవాబు అవుతుంది. కానీ మీపై రాగల ప్రధానమైన ఫిర్యాదు మోసం గురించి కాదు. అధికారికం కాదని తెలిసి కూడా ఆ ముఖం కోసమే కొంటున్నారు కదా, ఆ ముఖానికి వచ్చిన విలువలో నటుడికి వాటా ఎక్కడ అన్నదే ఆ ఫిర్యాదు. దానికి ఆ లేబుల్ దగ్గర సమాధానం లేదు.

మీకు అనుకూలమైన వాదన కూడా ఉంది, దాన్ని దాచను. దలేర్ మెహందీ తీర్పులోనే న్యాయమూర్తి వ్యంగ్య చిత్రాలు, హాస్యానుకరణలు ఈ హక్కును ఉల్లంఘించినట్టు కాకపోవచ్చని, ఈ హక్కును అతిగా సాగదీస్తే భావప్రకటన స్వేచ్ఛ దెబ్బతింటుందని హెచ్చరించారు. 2023లో క్రికెటర్ల పేర్లు, చేతిచిత్రాలతో డిజిటల్ కార్డులు అమ్మే సంస్థపై నిషేధాజ్ఞ ఇవ్వడానికి అదే హైకోర్టు నిరాకరించింది. కాబట్టి తల పెద్దదిగా, ఒళ్లు చిన్నదిగా, మీ సొంత ఊహ స్పష్టంగా కనిపించేలా చెక్కిన వ్యంగ్య బొమ్మకు కొంత రక్షణ దొరకవచ్చు. అయితే మీరు మీ బొమ్మలను ‘అచ్చం ఆయనే’ అని ప్రకటించుకుంటే ఆ వాదన నిలవడం కష్టం. ఆ ప్రకటనే ఎదుటి పక్షం చేతిలో సాక్ష్యం అవుతుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కాపీరైట్ వైపు ఉంది, మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. కాపీరైట్ చట్టం 1957లోని 14వ సెక్షన్ ప్రకారం చిత్రాన్ని త్రీడీ రూపంలోకి మార్చడం కూడా ప్రతి తీయడమే. పోస్టర్‌లోని భంగిమను, ఫొటోలోని ముఖాన్ని యథాతథంగా చెక్కితే ఆ చిత్రం హక్కుదారు వేరుగా అడుగుతారు. ఇక మరో కళాకారుడు కంప్యూటర్‌లో చెక్కిన త్రీడీ ఫైలును డబ్బు ఇవ్వకుండా దింపుకొని ముద్రించడం, ఇతరుల బొమ్మకు సిలికాన్ అచ్చు తీసి పోతపోయడం నేరం కూడా కాగలవు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. మన ఊళ్లలో ప్రతి కూడలిలోనూ ఒక విగ్రహం ఉంటుంది కాబట్టి దాన్ని చూసి చేస్తే తప్పేమిటని అడగవచ్చు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫొటో తీయడానికి, బొమ్మ గీయడానికి 52వ సెక్షన్ అనుమతిస్తుందే గాని, దాని నుంచి మరో శిల్పం పోతపోయడానికి కాదు. మీ ఇంటి అలమరాలో పెట్టుకోవడానికి మీరే చేసుకున్న బొమ్మ సంగతి వేరు. అందులో వ్యాపారం లేదు, వ్యక్తిగత వినియోగానికి ఆ చట్టంలో చోటుంది.

చనిపోయిన వారి విషయంలో చట్టం కొంత సడలింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో, ఈ హక్కులు వ్యక్తితోపాటే ముగుస్తాయని, వారసులకు రావని 2023లో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. ఆ లెక్కన గురజాడ అప్పారావు గారి బొమ్మనో, మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు బొమ్మనో మీరు స్వయంగా చెక్కి అమ్మితే వారి రూపం పేరిట మిమ్మల్ని ఆపడం కష్టం. అవి మన జిల్లాల పిల్లలకు చేరవలసిన బొమ్మలని కూడా నేను అనుకుంటాను. అయితే నిన్న ప్రమాదంలో పోయిన నటుడి బొమ్మను ఆ కుటుంబం ఇంకా శోకంలో ఉండగానే అమ్మకానికి పెట్టడాన్ని, చట్టం అడ్డుకోకపోయినా, నేను సమర్థించలేను. ప్రముఖుల పిల్లల బొమ్మల విషయంలోనూ, నటీమణులను వారు ఒప్పుకోని భంగిమల్లో, దుస్తుల్లో చెక్కడం విషయంలోనూ నా మాట ఇదే. ఈ రెండవదానికి గౌరవభంగం కింద వేరే కేసులు కూడా రావచ్చు. నాన్నగారు చేసిన వినాయకుడి ముఖం అందరిదీ, దాన్ని ఎవరైనా చేయవచ్చు. బతికున్న మనిషి ముఖం ఆ మనిషిది. రేపు మీరు చెక్కిన బొమ్మకు ఎవరో అచ్చు తీసి సగం ధరకు అమ్మితే మీకు కలిగే బాధ ఎలాంటిదో, ఆ నటుడికి కలిగేదీ అలాంటిదే.

ఇప్పుడు చేయవలసిన పనుల సంగతి చెబుతాను. తీసివేసిన ఆ మూడింటిని వేరే పేరుతో మళ్లీ పెట్టకండి. తెలిసీ చేశారని దాన్నే చూపుతారు. మిగిలిన జీవించి ఉన్న నటుల బొమ్మల ప్రకటనలు కూడా మీరే తీసేసి, ఆ తేదీని రాసి ఉంచుకోండి. సాధారణ మనుషుల పెళ్లి బొమ్మలు, తాతగారి జ్ఞాపకార్థం చేసే బొమ్మలు వారి సమ్మతితో నిశ్చింతగా చేయవచ్చు. మీ చేతిపనికి అక్కడే మంచి ఆదాయం ఉండవచ్చు. మన ప్రాంతపు క్రీడాకారుల బొమ్మలు చేయాలనుకుంటే, ఉదాహరణకు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి గారి వంటి వారిని ముందుగా ఉత్తరం రాసి అడగండి. ఎన్ని బొమ్మలు, ఎంత కాలం, ఎంత వాటా అన్నది కాగితం మీద ఉండాలి. నోటి మాట సరిపోదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలుగా అమ్మితే 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు నిబంధన కూడా వర్తిస్తుంది కాబట్టి, సేకరించుకునే పెద్దల కోసం చేసినవని ప్రకటనలోనూ, పెట్టె మీదా స్పష్టంగా పేర్కొనండి.

ఎవరి నుంచైనా లీగల్ నోటీసు వస్తే చించి పారేయకుండా, అందులో ఇచ్చిన గడువు దాటకముందే న్యాయవాది ద్వారా జవాబివ్వండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించండి. ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్న హీరోల ఆర్డర్లు ఉంటే, కారణం చెప్పి ఆ సొమ్ము తిరిగి ఇచ్చేసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.