డేకేర్ ఫీజు ఎక్కువే, కానీ అమ్మమ్మ ఫ్రీ కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం. ఏడాదిన్నర బాబు. డేకేర్ వాళ్లు నెలకు 15 వేలు అడుగుతున్నారు. ఇది మామూలు రేటేనా? నా భార్య జీతంలో సగం దీనికే పోతుంది. ఊరి నుంచి అమ్మను పిలిపించుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది కదా?

మామూలు రేటేనండి. కొండాపూర్, గచ్చిబౌలి వైపు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఉంచుకోవడానికి 12 వేలకు తక్కువ చెప్పినవాళ్లు నాకైతే తగల్లేదు. ఏసీ, కెమెరాలు, గోడల నిండా బొమ్మలు ఉంటే 20 వేలు కూడా అడుగుతారు. ఈసీఐఎల్ దగ్గరుండే మా చెల్లెలు 7 వేలే కడుతోంది. అక్కడ ఒకావిడ తన ఇంట్లోనే ఐదారుగురు పిల్లల్ని చూసుకుంటుంది. బోర్డు లేదు, బ్రోచర్ లేదు, పిల్లలు మాత్రం శుభ్రంగా అన్నం తింటారు.

మా పాప బిల్లు చెబుతాను చూడండి. నెల ఫీజు 14,500. తిండికి విడిగా 2,500. చేరేటప్పుడు అడ్మిషన్ అని 20 వేలు తీసుకున్నారు, అది తిరిగి రాదు. కిట్ అని ఇంకో 6 వేలు. ఆ కిట్‌లో ఏముందంటే క్రేయాన్లు, ఒక టోపీ, వాళ్ల పేరు అచ్చేసిన బ్యాగు. వాళ్ల ప్రచారానికి డబ్బులు మనం కట్టాలన్నమాట. ఆరున్నర దాటితే అరగంటకు 200. డైపర్లు మనవే. జ్వరమొచ్చి వారం ఇంట్లోనే ఉన్నా ఫీజులో పైసా తగ్గదు, ఆ జ్వరం అంటించుకొచ్చింది అక్కడి నుంచే అయినా సరే. అన్నీ కలిపి మొదటి ఏడాదికి సర్ది చూస్తే నెలకు 20 వేలకు కాస్త అటూ ఇటూ తేలింది. అందుకని వాళ్లు 15 అంటే మీరు 20 అని రాసుకోండి.

ఇక అమ్మను పిలిపించుకోవడం సంగతి. నిజం చెప్పాలంటే నేను ఈ జవాబు రాస్తున్నదే దానికోసం.

నా ఆరు నెలల సెలవు అయిపోవస్తుండగా మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. నేను మొదటి నుంచీ డేకేరే అన్నాను. "అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ బంగారంలా ఉంటే పిల్లను పరాయివాళ్ల చేతుల్లో పెడతావా" అని అటువాళ్లూ ఇటువాళ్లూ ఒక్కటయ్యారు. మా పెళ్లప్పుడు కూడా ఇంత ఐకమత్యం లేదు. మా ఆయనది ఎప్పటిలాగే గోడ మీద పిల్లి వాటం. చివరికి రెండు నెలలు మా అత్తయ్య, రెండు నెలలు మా అమ్మ అని డ్యూటీ వేశారు.

అత్తయ్యది నర్సంపేట దగ్గర పల్లె. సాయంత్రమైతే వాకిట్లో పదిమందితో మాట్లాడనిదే ఆవిడకు అన్నం సహించదు. ఇక్కడ తొమ్మిదో అంతస్తులో ఎవరి తలుపులు వాళ్లవి. మా అమ్మది తెనాలి. అమ్మ ఇక్కడున్నన్నాళ్లూ అక్కడ నాన్న కర్రీ పాయింట్ మీద బతికారు. ఆయనకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పొద్దున ఇడ్లీ బండి, మధ్యాహ్నం ప్యాకెట్ కూర, రాత్రికి మిగిలిన కూరే మళ్లీ. పరీక్ష చేయిస్తే షుగరు పెరిగింది, డాక్టరు మాత్రలు పెంచారు. ఈ ఖర్చు ఏ ఖాతాలో రాస్తారు? మీరడిగిన లెక్కలో దీనికి గడి లేదు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు నానక్‌రామ్‌గూడ ఆఫీసులో మీటింగులో ఉండగా మా సెక్యూరిటీ నుంచి ఫోను. "మేడమ్, అమ్మగారు బయట ఉండిపోయారు, పాప లోపలుంది." చెత్తబుట్ట బయట పెడదామని అమ్మ గడప దాటింది. బాల్కనీ లోంచి గాలి కొట్టి తలుపు ధడేలున పడింది. మా మెయిన్ డోరు ఒకసారి పడితే తాళంచెవి లేకుండా బయటి నుంచి రాదు. ఒక తాళంచెవి నా బ్యాగులో, రెండోది చెన్నై టూరులో ఉన్న మా ఆయన జేబులో. అమ్మ ఫోను లోపల. స్టవ్ మీద పాలు.

ఆ వాచ్‌మన్‌కు నేను జన్మంతా రుణపడి ఉంటాను. మా అపార్ట్‌మెంట్లో గ్యాసు పైపులైన్లో వస్తుంది, దాని వాల్వు బయట కారిడార్‌లోనే ఉంటుంది. పాల మాట వినగానే అతను ముందు వెళ్లి దాన్ని తిప్పేసి, ఆ తర్వాతే నాకు ఫోను చేశాడు. చదువుకున్నవాళ్లం, మాకు ఆ వాల్వు ఎక్కడుందో కూడా తెలీదు.

నేను క్యాబ్‌లో పడి వచ్చేసరికి అమ్మ చెప్పుల్లేకుండా కారిడార్‌లో బోర్లా పడుకుని ఉంది. మోకాళ్ల నొప్పులతో పీట మీద కూర్చోవడానికే అవస్థపడే మనిషి. తలుపు కింది సందు దగ్గర నోరు పెట్టి కాకి కథ చెబుతోంది. పాప అటువైపు నుంచి బిస్కెట్టు ముక్కలు ఒక్కొక్కటే ఆ సందులోంచి బయటికి తోస్తోంది. దానికదో ఆట. ముక్క బయటికొచ్చినప్పుడల్లా అమ్మ "ఆమ్, తినేశా, ఇంకోటి" అంటోంది. పిల్ల తలుపు దగ్గర్నుంచి వంటింట్లోకి వెళ్లకుండా ఉండాలంటే ఆ ఆట ఆపకూడదు కదా మరి.

తలుపు తీశాను. పాపకేం కాలేదు. పాలు సగం పొంగి స్టవ్ అంతా అట్టకట్టాయి. అమ్మ లేచి నిలబడి అన్న మొదటి మాట, "అల్లుడికి చెప్పకే." ఆ రాత్రి బీపీ చూస్తే 170 ఉంది.

విషయం తెలిశాక చుట్టాల్లో ఒకావిడ "పెద్దావిడ కదా, చూసుకోలేకపోయింది" అంది. నాకు ఒళ్లు మండింది. డేకేర్‌లో ఒక ఆయమ్మ అన్నం పెడుతుంది, ఇంకో ఆయమ్మ కడుగుతుంది, వంట వేరే మనిషి చేస్తుంది, ఊడవడానికి ఇంకొకరు. ఆ పనులన్నీ 63 ఏళ్ల మనిషి రోజుకు పది గంటలు ఒక్కతే చేస్తుంటే దాన్ని "సాయం" అంటున్నాం. సెలవు లేదు, జీతం లేదు, పైగా రిమార్కులు. మరుసటి నెలే పాపను డేకేర్‌లో చేర్చాను. ఈసారి పంచాయితీ పెట్టలేదు, ఫీజు కట్టేసి రసీదు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

ఇంకో మాట. "నా భార్య జీతంలో సగం" అన్నారు. బాబు మీ ఇద్దరి బాబు కదండీ, ఫీజు మాత్రం ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారు? ఇంటి అద్దెను ఎవరూ అలా తీసేయరు. కారు ఈఎంఐ చూసి "అయితే మీరు ఉద్యోగం మానేయండి" అని ఏ మగవాణ్నీ అనరు. ఇద్దరి జీతాలూ కలిపి అందులోంచి తీసి చూడండి, ఆ శాతం చాలా చిన్నగా కనిపిస్తుంది. మధ్యలో మూడేళ్లు మానేసిన మనిషికి మళ్లీ అదే జీతంతో ఉద్యోగం రావడం ఎంత కష్టమో మా టీమ్‌లో ఇంటర్వ్యూలు చేసేటప్పుడు చూస్తూనే ఉన్నాను.

చట్టం ఉంది కదా అంటారేమో. ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. మా ఆఫీసులో అడిగితే ఫలానా డేకేర్‌తో టై-అప్ ఉంది, పది శాతం తగ్గింపు ఇస్తారన్నారు. అదెక్కడయ్యా అంటే నగరానికి అటు చివర. నాలుగుసార్లు కాదు, ఒక్కసారి వెళ్లొస్తే రోజు అయిపోతుంది. అసలు ఆ నాలుగుసార్లు తల్లికే ఎందుకు, తండ్రి వెళ్లి చూస్తే పిల్లలు గుర్తుపట్టరా? సెలవు జీతం భారమంతా కంపెనీల మీదే పెట్టారు కాబట్టి కొత్తగా పెళ్లైన అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి కొందరు వెనకాడుతున్నారు. పైకి అనరు, అంతే. పన్నుల్లోనూ ఇదే గోల. పాత ఆదాయపు పన్ను విధానంలో ఇంటి అప్పు వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది, డేకేర్ బిల్లుకు మాత్రం ఏ విధానంలోనూ లేదు. గోడలకున్న విలువ పిల్లలకు లేదు.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకని 1975 నుంచీ అంగన్‌వాడీలు ఉన్నాయి. గుడ్డు, పాలు, భోజనం చాలాచోట్ల బాగానే పెడతారు. ఆఫీసు వదిలే వేళ దాకా తెరిచి ఉండవు, అదొక్కటే చిక్కు. ఇప్పుడు కేంద్రం పాల్నా పథకం కింద కొన్నింటికి క్రెష్ కూడా కలుపుతోంది. మా పనమ్మాయికి దగ్గర్లో అలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేది. ఆమె వేరే ఇళ్లలో గిన్నెలు తోముతుంటే నాలుగో తరగతి చదివే పెద్దపిల్ల బడి మానేసి చిన్నదాన్ని ఎత్తుకుని తిరుగుతోంది. 15 వేలు ఎక్కువా తక్కువా అని మనం బేరాలాడుతున్నాం.

అన్నట్టు, మనం కట్టే ఆ డబ్బు ఆయమ్మలకు వెళ్తుందనుకుంటే పొరపాటే. మా పాపను చూసే ఆయమ్మ జీతం 11 వేలు, తనే చెప్పింది. తన మూడేళ్ల కొడుకు మహబూబ్‌నగర్ దగ్గర ఊళ్లో వాళ్లమ్మ దగ్గర ఉన్నాడు. మిగతా ఫీజంతా ఎక్కువగా బిల్డింగు అద్దెకే పోతుందని నా లెక్క. కొండాపూర్‌లో ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకు అడిగి చూడండి, తెలుస్తుంది.

కాబట్టి చేరే ముందు తిండి కలిపా విడిగానా, లేటు ఫీజు ఎంత, నెల మధ్యలో మానేస్తే డిపాజిట్ ఇస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కో ఆయమ్మ ఎంతమంది పిల్లల్ని చూస్తుందో నోటి మాటగా అడక్కండి, మధ్యాహ్నం అన్నాల వేళ చెప్పకుండా వెళ్లి మీరే చూడండి. లోపలికి రానివ్వలేదా, అక్కడ చేర్చకండి. ఇంటికి కాస్త దూరమైనా ఫర్వాలేదు గానీ మీ ఇద్దరిలో ఒకరి ఆఫీసుకు దగ్గరగా ఉండాలి. వాన పడితే బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, అరగంటకు 200 అక్కడే తిరుగుతుంది.

అమ్మను కూడా రమ్మనండి, ఎందుకు వద్దు. మనవడితో ఆడుకోవడానికి రమ్మనండి. బాబు డేకేర్ నుంచి వచ్చాక సాయంత్రాలు ఆవిడవే. కాకపోతే వచ్చే టికెట్‌తో పాటే తిరుగు టికెట్ కూడా బుక్ చేసెయ్యండి, ఊళ్లో నాన్నగారు ఏం తింటున్నారో కనుక్కోండి.