1951 జట్టు గురించి రాయబోయే అమ్మాయికి పెద్దనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం 1951 అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద తెలుగులో వ్యాసం రాస్తున్నానని, మొదటి పేరా పంపి ఎలా ఉందో చెప్పమన్నావు. రెండుసార్లు చదివాను. వాక్యాలు చక్కగా నడిచాయి. కానీ సీజన్ చివర మంచి జట్లను పిలిచి ఆడించే బౌల్ పోటీల్లో దక్షిణాదివి ఆ జట్టును పిలవలేదన్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేశావు. దాంతో జట్టులోని నల్లజాతి ఆటగాళ్లు ఆలీ మ్యాట్సన్, బర్ల్ టోలర్ ఇద్దరూ పాఠకుడికి అవమానం పొందినవాళ్లుగానే పరిచయమయ్యారు. వాళ్లు ఎలా ఆడేవారో అతనికి ఇంకా తెలియదు. నా అభ్యంతరం అక్కడే.

ముప్ఫై ఏళ్లు క్రీడల పేజీలో పనిచేసిన వాడిని. ఒకసారి ఒక వాలీబాల్ ఆటగాడిని జట్టులోకి ఎంపిక చేయకపోవడం అన్యాయమని పెద్ద వార్త రాశాను. మర్నాడు ఆ అబ్బాయి మా ఆఫీసుకు వచ్చాడు. చొక్కా జేబులోంచి పత్రిక ముక్క తీసి, నా బల్ల మీద పరిచి, ఒక్కో వరుస మీద వేలు జరుపుతూ చివరిదాకా వెళ్లాడు. "ఫైనల్లో అయిదో సెట్టు నా సర్వీసు మీదే గెలిచాం సార్. అది ఇందులో లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అతనికి జరిగిన అన్యాయం మొత్తం రాశాను, అతని ఆట మాత్రం రాయలేదు. నీ పేరా చదువుతుంటే ఆ వేలే గుర్తొచ్చింది.

కాబట్టి ముందు ఆట రాయి. ఫుట్‌బాల్ అనగానే మనవాళ్లకు కాలితో తన్నే ఆటే మనసులో మెదులుతుంది. ఈ ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారని, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లకపోతే బంతి ఎదుటివారికి పోతుందని, అవతలి గీత దాటితే టచ్‌డౌన్ అని, దానికి ఆరు పాయింట్లని చెబితే చాలు. నియమాలు అంతకు మించి వద్దు. ఆ పది గజాలు ఎంత కష్టమో తెలిస్తే మ్యాట్సన్ ఎవరో వాళ్లకే అర్థమవుతుంది. ఆ సీజన్‌లో తొమ్మిది ఆటల్లో అతను 1,566 గజాలు పరిగెత్తాడు, 21 టచ్‌డౌన్లు చేశాడు. ఆ ఏడు దేశంలో ఏ కాలేజీ ఆటగాడూ పరుగులో అతన్ని దాటలేదు. గోల్ గీతల మధ్య మైదానం వంద గజాలు. అంటే, మీద పడి కూలదోయాలని పదకొండు మంది కాచుకుని ఉండగా పదిహేను మైదానాలకు పైగా పొడవు పరిగెత్తాడన్నమాట. ఇలా కొలిచి చెప్పు. అంకె ఒక్కటే వేస్తే పాఠకుడి కన్ను దాని మీద నిలవదు.

జట్టు తొమ్మిది ఆటలూ గెలిచింది, అన్నీ వరసగా చెప్పనక్కర్లేదు. రెండు చాలు. ఒకటి న్యూయార్క్‌లో ఫోర్డమ్ జట్టు మీద 32-26తో గెలిచింది. పడమటి తీరం నుంచి వచ్చిన చిన్న జెస్యూట్ (క్యాథలిక్ గురువుల సంఘం) కళాశాల జట్టును అక్కడి పత్రికలవాళ్లు కళ్లారా చూసిన ఆట అది. రెండోది పాసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో లయోలా మీద 20-2తో గెలిచిన ఆఖరి ఆట. ఆ మైదానం పేరు పాఠకుడు మరిచిపోకుండా రాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

మిగతా ఆటగాళ్లను నిర్లక్ష్యం చేయకు. జినో మార్కెట్టి కుర్రతనంలోనే రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి వచ్చి కాలేజీలో చేరినవాడు. బాబ్ సెయింట్ క్లెయిర్ ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. వీళ్లిద్దరూ మ్యాట్సన్‌తో పాటు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించారు. ఒకే కాలేజీ జట్టు నుంచి ముగ్గురు! కోచ్ జో కుహారిచ్ పేరు తప్పకుండా ఉండాలి. జట్టు వార్తలు పత్రికలకు చేరవేసే పని చూసిన యువకుడు పీట్ రోజెల్ పేరు కూడా. అతను 1960లో ప్రొఫెషనల్ జట్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు కమిషనర్ అయి 1989 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

ఇదంతా అయ్యాకే బౌల్ సంగతికి రా. అప్పటి అమెరికాను ఒక్క పేరాలో చూపించు. అదే అక్టోబరులో ఓక్లహోమాలో డ్రేక్ జట్టు నల్లజాతి ఆటగాడు జానీ బ్రైట్‌ను ప్రత్యర్థి ఆటగాడు కొట్టి దవడ విరగ్గొట్టాడు. ఫొటోలు పత్రికలో వచ్చాయి, వాటికి పులిట్జర్ బహుమతి దక్కింది. ఆ నేపథ్యం తెలిస్తే మయామిలో ఆరెంజ్ బౌల్ నుంచి జట్టుకు చేరిన మాట బరువు తెలుస్తుంది: ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను వదిలేసి వస్తే పిలుస్తామన్నారని, జట్టంతా కాదన్నదని ఆటగాళ్లు తర్వాత చెప్పారు. ఇది వాళ్లు చెప్పిన మాటగానే రాయి. ఆ గదిలో ఎవరు లేచి ఏమన్నారో సంభాషణలు కల్పించకు. బలమైన జట్లతో ఆడలేదన్న వాదన కూడా అప్పుడు వినిపించింది, దాన్నీ దాచకు. దాచకపోయినా నీ పాఠకుడు ఎటు నిలబడాలో తేల్చుకోగలడు.

ఇంకొకటి. తెల్లజాతి సహచరుల త్యాగమే కథగా మార్చకు. వాళ్లు చేసింది గొప్ప పనే, అది గొప్పగానే రాయి. కానీ ఇంట్లో వదిలేసి రమ్మన్నది మ్యాట్సన్‌ను, టోలర్‌ను. ఆ మాట పడినవాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడు. ఆ బౌల్ ఆట సొమ్ము వస్తే నష్టాల్లో ఉన్న ఫుట్‌బాల్‌ను విశ్వవిద్యాలయం నిలబెట్టుకునేదేమో. సీజన్ అయ్యాక జట్టునే ఎత్తేశారు.

టోలర్ విషయంలో మాత్రం తొందరపడకు, చోటు ఎంత పట్టినా ఇవ్వు. 1952లో కాలేజీ ఆల్‌స్టార్ ఆటలో అతని మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. బడిలో ఉపాధ్యాయుడయ్యాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి నల్లజాతి అంపైరింగ్ అధికారిగా మైదానంలోకి తిరిగొచ్చాడు. గజాలు కొలిచే గొలుసులను చూసుకునే హెడ్ లైన్స్‌మన్ పని అతనిది. 1980 జనవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆటకు అతన్ని ఎంచుకున్నారు. అప్పటికి కమిషనర్ ఎవరో నీకు తెలుసు. ఆట జరిగింది రోజ్ బౌల్‌లో.

వ్యాసం పూర్తిచేసే ముందు నువ్వుండే శాన్‌ఫ్రాన్సిస్కోలోనే రెండు చోట్లకు వెళ్లి రా. ఒకటి ఆ జట్టు సొంత ఆటలు ఆడిన కెజార్ స్టేడియం. పాతది కూల్చి చిన్నది కట్టారు, మైదానానికి సెయింట్ క్లెయిర్ పేరు పెట్టారు. నోట్‌బుక్ తీయకుండా కాసేపు గట్టు మీద కూర్చో. రెండోది విశ్వవిద్యాలయం వసతి గృహం. దానికి ఒకప్పుడు ఫీలన్ అనే రాజకీయ నాయకుడి పేరుండేది. కాలిఫోర్నియాను తెల్లవారిదిగా ఉంచుదామని నినదించి ఓట్లడిగిన మనిషి. విద్యార్థులు పట్టుబట్టడంతో 2017లో ఆ పేరు తీసి టోలర్ పేరు పెట్టారు. సాయంత్రం పూట వెళ్తే పిల్లలు ఆ తలుపు తోసుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. వాళ్లలో ఎవరినైనా ఆపి, ఆ పేరు ఎవరిదో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆ తర్వాత మొదటి పేరా మళ్లీ రాసి పంపు. చదువుతాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న