వాన కాలువల దగ్గర మొదలుపెట్టు

అమ్మా శ్రావణీ,

విశాఖ దగ్గర పరవాడలో మీ కంపెనీ వాళ్లు పర్యావరణ నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 14001 కొత్త ఎడిషన్‌కి తగ్గట్టు సిస్టమ్ మొత్తం మార్చే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వినగానే మీ పెద్దమ్మని పిలిచి గొప్పలు చెప్పుకున్నాను. ఆ తర్వాత టెన్షన్ పట్టుకుంది. నువ్వు అడగకపోయినా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీకు తెలిసిన పనుల గురించి ఎక్కువ చెప్పను. కొత్త ప్రమాణానికి ఎక్కడ తక్కువున్నారో తేల్చే గ్యాప్ అనాలిసిస్ చెయ్యి. ఇంటర్నల్ ఆడిటర్లకి ట్రైనింగ్ ఇప్పించు. కొత్త ఎడిషన్‌కి మారారో లేదో చూసే ట్రాన్సిషన్ ఆడిట్ ఎప్పుడో సర్టిఫికేషన్ వాళ్లతో ముందే మాట్లాడుకో. ఈ హడావిడిలో సీఎఫ్ఓ (ప్లాంటు నడపడానికి కాలుష్య నియంత్రణ బోర్డు ఇచ్చే అనుమతి) రెన్యువల్, జూన్ 30 నాటి ఫారం 4 (ప్రమాదకర వ్యర్థాల ఏడాది లెక్క), సెప్టెంబర్ 30 నాటి ఫారం 5 (పర్యావరణ నివేదిక) మర్చిపోకు. ప్రమాణం మారిందని బోర్డు వాళ్లు గడువు పెంచరు.

ఇక నన్ను భయపెట్టే సంగతి. 2015 ఎడిషన్ వచ్చినప్పుడు నేను పటాన్‌చెరు వైపు మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో ఈటీపీ, అంటే వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు, చూసేవాణ్ణి. మారడానికి మూడేళ్ల గడువిచ్చారు, 2018 సెప్టెంబర్ దాకా. మావాళ్లకి మెలకువ వచ్చింది ఆఖరి ఏడాదిలోనే. ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నారు. ఆయన పెన్‌డ్రైవ్‌తో వచ్చి, పాత క్లాజు నంబర్ 4.3.1 అని ఉన్న చోటల్లా కొత్త నంబర్ 6.1.2 అని మార్చి, ఆస్పెక్ట్ రిజిస్టర్‌కి (ప్లాంటు పనుల్లో పర్యావరణం మీద ప్రభావం చూపేవన్నీ రాసే పట్టికకి) కొత్త అట్ట వేశాడు. సంస్థ పరిస్థితులు, ఆసక్తి ఉన్న పక్షాలు అని కొత్తగా వచ్చిన క్లాజులకి ఇంకెవరిదో డాక్యుమెంట్ తెచ్చి అతికించాడు. అందులో 'మత్స్యకార సంఘాలు' అని ఉంది. పటాన్‌చెరు నుంచి సముద్రం ఎంత దూరమో నువ్వే లెక్కేసుకో. ఆడిట్ పాసైంది, స్వీట్లు పంచారు.

ఆ రిజిస్టర్‌లో వాన నీటి గురించి ఒక వరుస ఉండేది. డ్రమ్ యార్డు మీద పడే మొదటి వాన నీళ్లు కలెక్షన్ ట్యాంకుకి వెళ్తాయి, అక్కణ్ణుంచి ఈటీపీకి పంప్ చేస్తాం అని. రాసిన రోజున అది నిజమే. తర్వాత ఎంఈఈ (ఉప్పు నీళ్లని ఆవిరి చేసే యంత్రం) మాటిమాటికీ ఆగిపోవడం మొదలైంది. దానికి వెళ్లాల్సిన హెచ్‌టీడీఎస్ నీళ్లు (కరిగిన లవణాలు ఎక్కువున్నవి) ఎక్కడ పెట్టాలో తెలియక ఆ ట్యాంకులోకి మళ్లించారు. "రెండు వారాలే" అన్నారు, అదే అలవాటైపోయింది. మార్పు ఎవరూ ఎక్కడా నమోదు చేయలేదు. కన్సల్టెంట్ యార్డులో అడుగు పెట్టలేదు. ట్యాంకు మూత తీసి చూడమని ఆయన్ని అడిగినవాళ్లూ లేరు.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్ మునిగింది కదా, ఆ వాన మా యార్డు మీదా పడింది. ట్యాంకు అప్పటికే నిండుగా ఉంది. యార్డు నీళ్లు, ట్యాంకులోవి కలిసి వాన కాలువలో పడి ఊరి చెరువులోకి పోయాయి. తెల్లారేసరికి ఊరివాళ్లు చచ్చిన చేపల్ని బస్తాల్లో తెచ్చి గేటు ముందు కుమ్మరించారు. బోర్డు వాళ్లు శాంపిల్స్ తీసుకెళ్లారు. మేనేజ్‌మెంట్ మొదట చేసిన పని ఏమిటో తెలుసా? నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌కి మెమో ఇవ్వడం.

అతను మాట్లాడకుండా తన లాగ్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. 'వాన ట్యాంక్ ఫుల్' అని ప్రతి షిఫ్టులోనూ రాసి ఉంది, కింద సంతకంతో సహా. సిస్టమ్‌లో అధికారిక పత్రమని చూపే కంట్రోల్డ్ డాక్యుమెంట్ నంబర్ లేదని ఆ పుస్తకాన్ని ఏ ఆడిటరూ తెరవలేదు. మెమో అయితే వెనక్కి తీసుకున్నారు గానీ ఆ అబ్బాయికి ఎవరూ సారీ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే చెబుతున్నాను, కొత్త ఎడిషన్‌లో మార్పుల ప్లానింగ్‌కి విడిగా పెట్టిన క్లాజుని ఒక ఫారంతో సరిపెట్టకు. లాగ్‌బుక్కులు తిరగెయ్యి. మెయింటెనెన్స్ వాళ్లని, డ్రమ్ములు మోసే కాంట్రాక్ట్ మనుషుల్ని టీ దగ్గర కూర్చోబెట్టి 'టెంపరరీ' అని పెట్టినవి ఏమేం ఉన్నాయో అడుగు. నీకు ఎక్సెల్ ముందు కూర్చుంటే లోకం గుర్తుండదు, చిన్నప్పుడు లెక్కల పుస్తకం పట్టుకున్నా అంతే, అన్నం చల్లారిపోయేది. ఈ పని కుర్చీలో అయ్యేది కాదు. ప్లాంట్ హెడ్‌ని కూడా నడిపించు. సిస్టమ్ బాధ్యత ఒక్కరికి అప్పజెప్పే మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అనే పదవిని 2015లోనే తీసేశారు, బాధ్యత పైవాళ్లదే. ఆయన సంతకం పెట్టి తప్పుకుంటానంటే ఒప్పుకోకు.

ఈ ప్రమాణానికి 2024 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ సంగతి కూడా చూడు. వాతావరణ మార్పు మీకు సంబంధించిన విషయమో కాదో తేల్చమంది. చాలామంది మినిట్స్‌లో ఒక వాక్యం రాసి వదిలేశారు. మీరున్నది సముద్రపు ఒడ్డు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకింది విశాఖనే. అలాంటి తుపాను మళ్లీ వస్తే కరెంటు లేకుండా మీ ఈటీపీ ఎన్ని గంటలు నడుస్తుంది? జనరేటర్‌కి డీజిల్ ఎంత ఉంది? అక్టోబర్‌లో ట్యాంకుల్లో ఎంత ఖాళీ ఉంచుతారు? ఈ అంకెలు రిజిస్టర్‌లో కనబడాలి. ప్లాంటు ఆగి ఉన్న రోజుల్ని కూడా వదలకు. ఎల్జీ పాలిమర్స్‌లో 2020 మే 7న స్టైరీన్ లీకైంది, లాక్‌డౌన్‌లో మూతపడ్డ ప్లాంటు మళ్లీ తెరిచే వేళలోనే.

మత్స్యకారులు మీకు నిజంగానే ఉన్నారు. పక్కనే తాడి ఊరివాళ్లున్నారు, తమని వేరే చోటికి తరలించమని ఏళ్లుగా అడుగుతున్నవాళ్లు. పేర్లు పట్టికలో రాసి ఊరుకోకుండా ఒకసారి వెళ్లి మాట్లాడిరా. కసురుకుంటారేమో, విను.

ఇంకొకటి. ఈటీపీ సంప్‌లోకి (వ్యర్థజలాలు చేరే గొయ్యిలోకి) ఎప్పుడూ ఒంటరిగా తొంగి చూడకు. గ్యాస్ మీటర్ లేకుండా, పక్కన మనిషి లేకుండా దాని మూత దగ్గరికే పోవద్దు. దుర్వాసన తగ్గిందంటే గ్యాస్ తగ్గిందని కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుంది. ఇది మీ అమ్మకి చెప్పకు, భయపడుతుంది. నాకు మాత్రం మాటివ్వు.

జూన్ వానలు మొదలయ్యే లోపల వాన కాలువల వెంట గేటు దాకా నడిచి, ఏ కాలువ ఎక్కడ కలుస్తుందో చేత్తో గీసి వాట్సాప్‌లో పంపు. ఆఫీసులో ఉన్న డ్రాయింగ్ పీడీఎఫ్ పంపావో, తిడతాను.

మీ పెదనాన్న