విమానం ఎక్కడుందో తెలిసి కూడా చెప్పకపోవడం

విమానయాన సంస్థల పద్ధతుల్లో ప్రయాణికులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఏదని మీరు అడిగారు. సామాను రుసుములనో, పండగ రోజుల టికెట్ ధరలనో చాలామంది చెబుతారు. నా దృష్టిలో మాత్రం ఆలస్యాన్ని ముక్కలు ముక్కలుగా చెప్పడమే అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

నిరుడు మాఘమాసంలో మా మేనమామ గారి మనవరాలి పెళ్ళికని, డెబ్బై రెండేళ్ళ మా అమ్మను వెంటబెట్టుకుని బెంగళూరు నుంచి హైదరాబాదుకు రాత్రి 9.40 విమానంలో బయలుదేరాను. ముహూర్తం తెల్లవారి 6.12కు, హనుమకొండలో. కౌంటరు గంట ముందే మూసేస్తారు, ఒక్క నిమిషం దాటినా ఎక్కనివ్వరు కాబట్టి, హెబ్బాళ ట్రాఫిక్‌కు భయపడి మారతహళ్ళిలో సాయంత్రం ఐదున్నరకే ఇల్లు కదిలాము. సామాను అప్పజెప్పి కూర్చున్నాక, 8.15 ప్రాంతంలో విమానాల జాడ చూపించే యాప్ తెరిచి చూస్తే, మమ్మల్ని తీసుకెళ్ళవలసిన విమానం ఇంకా గువాహటిలోనే ఆగి ఉంది. అక్కడినుంచి బెంగళూరుకు మూడు గంటల పైచిలుకు ప్రయాణం. అయినా బోర్డు మీద మా విమానం సమయానికే బయలుదేరుతుందని ఉంది.

కౌంటరులోని అమ్మాయికి ఫోను చూపించి అడిగాను. మేము తెలుగువాళ్ళమని గమనించి, అమ్మ వైపు తిరిగి, "మా తెర మీద కూడా ఇదే టైం ఉంది ఆంటీ, మాకు ఇంతకన్నా చెప్పరు" అన్నది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. పైన కూర్చున్నవారికి మాత్రం విమానం ఎక్కడుందో తెలియదంటే నమ్మను. 9.05కు 10.30 అన్నారు, తరువాత 11.15, ఆపైన 12.30. సామాను తీసుకోక ముందే నిజం చెప్పి ఉంటే 9.50కి వేరే సంస్థ విమానం ఉంది, ఎంత ధరైనా పెట్టి అందులో వెళ్ళిపోయేవాళ్ళం.

అమ్మకు చక్కెర వ్యాధి. ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం ఎనిమిదిన్నరకే తినేసింది, పదకొండున్నర దాటేసరికి చేతులు వణకడం మొదలైంది. మన పౌర విమానయాన నిబంధనల ప్రకారం ఇంత చిన్న ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే సంస్థే ఆహారం ఇవ్వాలి. 11.50కి ఇచ్చారు: మూత సగం చించి, వేడినీళ్ళు పోసి, ఎనిమిది నిమిషాలు ఆగి తినవలసిన ఉప్మా కప్పు. గేటు దగ్గర వేడినీళ్ళు లేవు. నేను ఆ కప్పు పట్టుకుని రెండు దుకాణాలు తిరిగి, చివరికి ఒక టీ కొంటే గానీ వేడినీళ్ళు పోయలేదు.

విమానం 1.50కి లేచింది. మేము మండపం చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయి, బియ్యపు గింజలు జంపఖానా మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

ఆ రాత్రి ఆలస్యం నాలుగు గంటల పది నిమిషాలు. మన నిబంధనల్లో ఆరు గంటలు దాటితేనే వేరే విమానం గానీ పూర్తి డబ్బు గానీ కోరే హక్కు వస్తుంది; రాత్రి 8 నుంచి 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానమైతే బస కూడా ఆరు గంటల తరువాతే. ఎంత ఆలస్యమైనా నగదు పరిహారం అనేది లేదు. ఐరోపా సమాఖ్యలో సంస్థ తప్పు వల్ల గమ్యానికి మూడు గంటలు ఆలస్యంగా చేరితే, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల వరకు చెల్లించాలి. అక్కడ ఆలస్యం సంస్థకు ఖర్చు, ఇక్కడ ఆ ఖర్చంతా మనదే. ముక్కలుగా చెప్పడం పొరపాటు కాదని, ప్రయాణికులు చేజారకుండా పట్టి ఉంచే పద్ధతేనని నా గట్టి అభిప్రాయం.

సీట్ల సంగతీ ఇలాంటిదే. ఒకే టికెట్ మీద ఉన్నా అమ్మను ఏడో వరుసలో, నన్ను ఇరవై ఎనిమిదో వరుసలో వేసి, కలిసి కూర్చోవాలంటే డబ్బు కట్టమన్నారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలను తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. వయసు మళ్ళినవారికి కూడా ఆ రక్షణ ఉండాలి.

విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేస్తే, "కార్యనిర్వహణ కారణాలు" అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. మీరు రాత్రి విమానానికి వెళ్తుంటే, అది ఏ ఊరి నుంచి రావాలో, అక్కడ బయలుదేరిందో లేదో సామాను అప్పజెప్పక ముందే చూసుకోండి. పెట్టె లోపలికి వెళ్ళిపోయాక పక్క విమానంలో సీటున్నా దాన్ని అందుకోవడం కష్టం.