సౌదీ సైటులో అభిప్రాయం అడగడం, చెప్పడం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దమ్మాంలో సైటు సూపర్‌వైజరుగా నీకు వీసా వచ్చిందనీ, అరబ్బీ రాదని బెంగపడుతున్నావనీ అక్క ఫోనులో చెప్పింది. పనిముట్ల పేర్లు, లెక్కలు, రోజూ వాడే నాలుగు మాటలు ఎవరికైనా త్వరగానే పట్టుబడతాయి. మనవాళ్లు తడబడేది మేనేజరు తలెత్తి నీ అభిప్రాయమేమిటని అడిగినప్పుడే. అప్పుడు "యెస్ సార్" అని ఊరుకోవడం మర్యాద అని మనం అనుకుంటాం కానీ, అడిగినవాడికి అది పని తెలియనితనంగా కనిపిస్తుంది.

ముందు ఎదుటివారి అభిప్రాయం అడిగే పద్ధతి చెబుతాను. సౌదీవాళ్లు "ఎష్ రాయక్?" అంటారు, ఈజిప్టు ఇంజనీర్లు "ఏహ్ రాయక్?" అంటారు. స్త్రీని అడిగేటప్పుడు చివరి మాటను "రాయిక్" అనాలి. ఇప్పుడు అక్కడి ఆఫీసుల్లో సౌదీ మహిళలు చాలామంది పనిచేస్తున్నారు కనుక ఇది ముందే అలవాటు చేసుకో. అయితే గదిలోకి అడుగుపెట్టగానే ఈ ప్రశ్న వేయకూడదు. సలాం చెప్పి, క్షేమం అడిగి, గహ్వా (అరబ్బీ కాఫీ) ఇస్తే పుచ్చుకుని, ఆ తర్వాతే పని మాట ఎత్తాలి. ఇంటివాళ్లంతా బాగున్నారా అంటే చాలు, భార్య గురించి విడిగా అడగడం అక్కడ బాగుండదు. ఇంగ్లీషు కన్సల్టెంటు దగ్గర ఇంత ఉపోద్ఘాతం పెడితే ఆయన గడియారం చూసుకుంటాడు. ఆయన దగ్గర ఒక్క పలకరింపుతో విషయంలోకి వెళ్లిపోవచ్చు.

ఇక చెప్పడం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన సౌదీలో ఉంది. అలాంటి రోజుల్లో ఉదయం పదింటికి స్లాబు వేద్దామని మేనేజరు అన్నాడనుకో. పని మధ్యలో ఆగుతుందనీ, ఆ వేడికి కాంక్రీటు తొందరగా బిగుసుకుని పగుళ్లిస్తుందనీ నీకు తెలుసు. అరబ్బీలో అయితే ముందు "కలామక్ సహీహ్", అంటే మీరన్నది నిజమే, అని ఆయన మాటను గౌరవించి, "బస్", అంటే కానీ, అని ఒక క్షణం ఆగి, "ఫీ రాయీ, అస్సబ్ బిల్లేల్ అహ్సన్" అను. నా ఉద్దేశంలో రాత్రి పోయడం మేలు అని దీని అర్థం. గట్టిగా చెప్పలేని సంగతి అయితే "ఫీ రాయీ"కి బదులు "అజున్" అంటే, అనుకుంటున్నాను అన్నంత మెత్తగా ఉంటుంది. ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే కారణం ముందు పెట్టి, సలహాను ప్రశ్నగా మార్చు: "ద మిక్స్ ఈజ్ సెట్టింగ్ టూ ఫాస్ట్. వుడ్ ఇట్ బి బెటర్ టు పోర్ ఆఫ్టర్ సన్‌సెట్?" మనవాళ్లు మాటకు ముందు "విత్ డ్యూ రెస్పెక్ట్" తగిలిస్తుంటారు, అది వినయంగా వినిపించదు, తగాదాకు సిద్ధమైనట్టు వినిపిస్తుంది.

రెండు భాషల్లోనూ ఒక జాగ్రత్త ఉంది. నలుగురి ముందు సౌదీ మేనేజరు మాటను ఖండించకు. మీటింగు ముగిశాక పక్కకు వెళ్లి చెబితే, ముందు ఒప్పుకోని మనిషి కూడా వింటాడు. బ్రిటిష్‌వాళ్ల దగ్గర చిక్కు వేరు: వాళ్లు "ఇంట్రెస్టింగ్" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, పైవాడు "ఐ వుడ్ సజెస్ట్" అన్నాడంటే చాలాసార్లు అది ఆజ్ఞే. నీ ప్రశ్నకు "ఇన్షా అల్లా" అని జవాబు వస్తే అది అంగీకారం కావచ్చు, మర్యాదగా దాటవేయడమూ కావచ్చు. అందుకే ఏ రోజు, ఎన్నింటికి అని నెమ్మదిగా అడిగి తెలుసుకో.

నీ కింద పనిచేసేవారిని "ఈజ్ ఇట్ ఓకే?" అని అడగకు, అందరూ తలూపుతారు. ఇందులో ఏం మారుస్తారని అడిగితే మేస్త్రీ నోరు విప్పుతాడు. నీకంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉంటుంది కూడా.

మతం గురించి, రాజకుటుంబం గురించి, ప్రభుత్వం గురించి ఎవరు ఎంత చనువుగా అడిగినా నీకు అభిప్రాయం లేదు. వాట్సాప్‌లో కూడా లేదు. ఈ విషయంలో మొహమాటపడకు.

నోటితో ఒప్పుకున్న మాటను ఆ సాయంత్రమే "యాజ్ డిస్కస్డ్" అని మొదలుపెట్టి రెండు వరుసల ఈమెయిలుగా మేనేజరుకు పంపు, కన్సల్టెంటుకు కాపీ పెట్టు. తేదీ మరిచిపోకు.

ఇట్లు,
మీ మామయ్య