పదిహేనో తారీఖున జెండా కింద ఏం మాట్లాడాలంటే

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఈసారి మన కథోలిక చర్చిలో ఆగస్టు 15 కార్యక్రమం ఫాదర్ గారు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం అనిపించింది. ఐదు నిమిషాలు మాట్లాడాలంటే నీకు టెన్షన్ పట్టుకుందట. కాలేజీలో ఎవరో "మీది పరాయి మతం కదా, మీకెందుకీ జెండా" అన్నారని, వాళ్లకు జవాబు రాసుకుంటున్నావట. ఆ కాగితం పక్కన పెట్టెయ్ తల్లీ.

ఉపదేశిగా, అంటే చర్చిలో విశ్వాస పాఠాలు చెప్పేవాడిగా, పనిచేసిన మొదటి ఏళ్లలో నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. మన వాళ్లు దేశానికి ఏం చేశారో, ఎన్ని బళ్లు పెట్టారో, ఎన్ని ఆసుపత్రులు కట్టారో వరసగా అప్పజెప్పేవాణ్ణి. ఒక ఏడు పూజ అయ్యాక కూలికి పోయే ఒక ముసలమ్మ నన్ను గుడి మెట్ల దగ్గర ఆపింది. "మనింట్లో మనం ఉంటున్నామని ఎవరికయ్యా అంత గట్టిగా చెబుతున్నావ్?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి రుజువులు చూపించడం మానేశాను.

నువ్వు ఆగస్టు 15నే వచ్చే మరియమాత మోక్షారోపణ పండుగతో, అంటే ఆ తల్లి పరలోకానికి చేరిన పండుగతో మొదలుపెట్టు. స్వాతంత్ర్యం రాకముందు నుంచీ ఆ రోజు మనకు పండుగే. 1947లో దేశానికీ అదే రోజు పండుగైంది. పొద్దున దివ్యబలిపూజ, ఆ వెంటనే జెండా. మన పిల్లలకు ఈ రెండూ వేరని తెలియనే తెలియదు. శ్రీసభ సత్యోపదేశంలో, అంటే మన చర్చి బోధనల పుస్తకంలో, దేశాన్ని ప్రేమించడం ఏ ఆజ్ఞ కింద చెప్పారో చూడు. "తల్లిదండ్రులను గౌరవింపుము" అనే నాలుగో ఆజ్ఞ కింద. కన్నవాళ్ల మీద ప్రేమకు ఎవరూ సర్టిఫికెట్ అడగరు. అక్కడే ఇంకో మాట కూడా ఉంది. పాలకుల ఆజ్ఞ అంతరాత్మకు విరుద్ధమైతే దాన్ని పాటించకూడదని.

తర్వాత రాజ్యాంగం 25వ అధికరణం. దాన్ని ఇంట్లో రెండుసార్లు చదువుకుని వెళ్లు. అంతరాత్మ స్వేచ్ఛ, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందరికీ సమానమని అందులో ఉంది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులూ ఉన్నాయి, వాటిని దాటేయకుండా చెప్పు. రాజ్యాంగ సభలో ఆ 'ప్రచారం' అనే మాట మీద పెద్ద చర్చే జరిగింది. ఆ మాట ఉండాలన్న వాళ్లలో టి.టి. కృష్ణమాచారి ఒకరు. తాను క్రైస్తవ విద్యాసంస్థల్లో ఏళ్ల తరబడి చదువుకున్నానని, తన మతం మార్చాలని అక్కడ ఎవరూ ప్రయత్నించలేదని ఆయన చెప్పారు. మన జెస్విట్ సభ (కథోలిక గురువుల సంఘం) గురువు జెరోమ్ డిసౌజా గారు కూడా ఆ సభలో మద్రాసు నుంచి సభ్యులు. అంటే ఈ హక్కు మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రాసిన చోట మనవాళ్లూ కూర్చున్నారు.

ఇక్కడ నువ్వు దాటవేయాలనుకునే విషయం ఒకటుంది, దాటవేయొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీ కుటుంబాలు ఆ హోదా కోల్పోయాయి. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. మన వాళ్లు మాత్రం ఇప్పటికీ బీసీ-సిలోనే, అంటే క్రైస్తవులైన ఎస్సీల కోసం పెట్టిన బీసీ విభాగంలోనే ఉన్నారు. ఊళ్లో ఇల్లు మారలేదు, పిలిచే పిలుపు మారలేదు, మారింది కాగితం ఒక్కటే. మీ నాన్న చదువుకునే రోజుల్లో ఆ కాగితం కోసం నేను ఒక ఆఫీసు వరండాలో మూడు రోజులు కూర్చున్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. జెండా కింద నిలబడి ఇది అడగడం దేశద్రోహం కాదు, ఇంటి మనిషే అడుగుతాడు. అయితే కోపంతో కాదు, వివరంగా, సంవత్సరాలతో సహా చెప్పు.

మన స్వేచ్ఛ గురించి చెప్పినంతసేపూ ఎదుటివాళ్ల స్వేచ్ఛ గురించి కూడా చెప్పు. ఏ మనిషినీ విశ్వాసం విషయంలో బలవంతపెట్టకూడదని 1965లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక బిషప్పుల సభ) స్పష్టంగా ప్రకటించింది. అది మనకూ వర్తిస్తుంది. మన ఊళ్లో మన చర్చి తేరు రామాలయం ముందుకు రాగానే బ్యాండు ఆపుతాం, వాళ్లు భజన మైకు తగ్గిస్తారు. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ గుర్తు చేయరు. ఈ సంగతి తప్పకుండా చెప్పు.

ఇక జెండా పని. ముందు రోజు సాయంత్రమే తాడు లాగి చూసుకో. ఒకసారి నేను ముడి బిగించేశాను, జెండా సగంలో ఇరుక్కుపోయి, పిల్లలు గీతం రెండుసార్లు పాడాల్సి వచ్చింది. కాషాయం పైకి ఉందో లేదో నీ కళ్లతో చూడు. ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి లాగుతారు, పైనే కట్టి విప్పేది జనవరి 26న. లోపల పూలరేకులు పెట్టవచ్చు, స్తంభం మీద మాత్రం దండలు వద్దు. చర్చి పండుగ జెండా, రంగు కాగితాల తోరణాలు జాతీయ జెండాకు సమానంగా గానీ ఎత్తుగా గానీ ఉండకూడదు. జాతీయ జెండాను పీఠం మీద గుడ్డలా పరచాలని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

విశ్వాసుల ప్రార్థనల్లో పాలకుల కోసం ఒకటి పెట్టు. నువ్వు ఓటేసినా వేయకపోయినా సరే. బైబిల్లో పౌలు గారు తన శిష్యుడు తిమోతికి రాసినప్పుడు రాజుల కోసం ప్రార్థించమన్నారు, అప్పుడు రాజులు క్రైస్తవులు కారు.

చాక్లెట్లు యాభై ఎక్కువ తెప్పించు. రామాలయం వీధి పిల్లలు కూడా వస్తారు.

ఇట్లు
మీ తాతయ్య